కోడి కడుపులో కొవ్వు: ఒక అర్జీ, కొంత చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసిమ్మని మన సంఘం కార్యదర్శిగారు రెండు నెలలుగా పోరుతున్నారు. కరువు భత్యం బకాయిల మీద, హెల్త్ కార్డుల మీద రాయడానికి నాకంటె సమర్థులు చాలామంది ఉన్నారు. ముప్పై నాలుగేళ్ళు పశుసంవర్ధక శాఖలో గుమాస్తాగిరీ వెలగబెట్టిన నాకు తెలిసినవి ఫైళ్ళు, ఆ ఫైళ్ళలో ఉన్న కోళ్ళు, గేదెలూను. అందుచేత కోడి గురించే రాస్తాను. అందులోనూ మాంసం కోసం పెంచే బ్రాయిలర్ కోడి కడుపులో ఉండే కొవ్వు గురించి. శాకాహారులైన సోదర సభ్యులు మన్నించాలి. ఇది వంటకు సంబంధించిన వ్యాసం కాదు. చరిత్రకు సంబంధించినది, కొంత నా తప్పుకు సంబంధించినది కూడాను.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరాను. 1984 నాటికి ఒక జిల్లా కార్యాలయంలో కోళ్ళ పథకాల సీటు చూస్తున్నాను. ఆ రోజులు మీ అందరికీ జ్ఞాపకమే. 1983లో పదవీ విరమణ వయస్సు 58 నుంచి 55కు దించేసరికి సీనియర్లంతా ఒక్కసారిగా ఇళ్ళకు వెళ్ళిపోయారు. ముగ్గురి సీట్లు ఒక్కడి నెత్తిన పడ్డాయి. నా పర్సనల్ రిజిస్టరులో పెండింగు కరెంట్లు వందలు దాటేవి. వారాంతానికి ఎరియర్ లిస్టు రాయాలంటే జ్వరం వచ్చినట్టుండేది. అలాంటి ఒక రోజున వచ్చిందా అర్జీ.

అర్జీదారు ఒక చిన్న రైతు. బ్యాంకు అప్పు, దానిమీద కొంత ప్రభుత్వ సబ్సిడీ తీసుకుని రెండు వందల బ్రాయిలర్ పిల్లలతో షెడ్డు వేశాడు. పట్నంలో ఒక హోటలు వాళ్ళకు కోసి శుభ్రం చేసిన కోళ్ళు ఇచ్చే ఒప్పందం ఉంది. హోటలు వాళ్ళు కడుపులోని కొవ్వు ముద్దను తీసి పక్కన పడేసి, మిగిలినదే తూకం వేసి డబ్బిస్తున్నారు. కోడికి యాభై గ్రాములు పోయినా రెండు వందల కోళ్ళకు పది కేజీలు. ఆయనకు మిగిలే లాభమే అంత. అరఠావు కాగితం రెండు వైపులా రాసిన ఆ అర్జీలో ఇంకొక వాక్యం ఉంది. నలభై ఏళ్ళు దాటినా అది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “ఒకే రోజు పుట్టి, ఒకే తొట్టిలో మేత తిన్న కోళ్ళలో కొన్నింటికి నిమ్మకాయంత కొవ్వు, కొన్నింటికి ఉసిరికాయంత కూడా లేదు, ఇది మేత దోషమైతే అన్నింటికీ ఉండాలి కదా, దయచేసి కారణం తెలుపగలరు.”

నేను నోట్ ఫైలులో సారాంశం రాశాను. “అర్జీదారు దాణాలో నూకలు, తవుడు అధికంగా కలుపుచున్నట్లు తెలియుచున్నది. కొవ్వు పేరుకొనుటకు అదియే కారణము కావచ్చును. సరియైన దాణా వాడవలసినదిగా సూచించవచ్చును.” పై అధికారి సంతకం పెట్టారు. జవాబు వెళ్ళింది, ఫైలు ముగిసింది. ఆ వాక్యాన్ని మాత్రం నేను సారాంశంలోకి ఎక్కించలేదు. ఎక్కిస్తే దానికి సమాధానం రాయాలి. సమాధానం నాకు తెలియదు, అడిగి తెలుసుకునే తీరిక లేదు. ఆఫీసు పద్ధతిలో తెలియని సంగతిని దాటవేసే ఉపాయం, దాన్ని ప్రస్తావించకపోవడమే అని మీకు నేను చెప్పనక్కరలేదు.

క్రిందటి ఏడాది వేసవి సెలవులకు మా మనవరాలు వచ్చింది. పశువైద్యం చదువుతోంది. ఆదివారం పూట వంటింట్లో కోడిని శుభ్రం చేస్తూ, కందనకాయ పక్కనుంచి పసుపు పచ్చని కొవ్వు ముద్దను లాగి గిన్నెలో వేసింది. “చూశారా తాతయ్యా, దీని మీద మాకు ఒక పాఠమే ఉంది. ఇది దాణాతో వచ్చేది కొంతే, రక్తంలో వచ్చేది ఎక్కువ” అంది. నేను చేతిలో పేపరు పక్కన పెట్టాను. ఆ రోజు నుంచి ఆమె పుస్తకాలు, అర్థం కానిచోట ఆమె చేత చెప్పించుకున్న సంగతులు, ఇవే ఈ వ్యాసానికి ఆధారం.

బ్రాయిలర్ అనేది దేవుడు చేసిన జాతి కాదు, మనిషి కూర్చిన జాతి. కోళ్ళన్నింటికీ మూలపురుషుడు ఎర్ర అడవి కోడి. దక్షిణ చైనా, బర్మా, థాయిలాండు అడవుల ప్రాంతంలో అది మచ్చికైందని 2020లో వెలువడిన పెద్ద జన్యు పరిశోధన తేల్చింది. దానిలో మాంసం కిలోకు మించదు, కొవ్వు అసలే తక్కువ. ఎగిరి చెట్టెక్కవలసిన పక్షి కడుపులో కొవ్వు మోసుకు తిరగదు. అక్కడినుంచి ప్రపంచమంతా పాకింది. మన ప్రాంతానికి గర్వకారణమైన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో డేగ, కాకి, నెమలి అని రంగులు పిలుచుకుంటూ బరిలోకి దింపే పుంజులున్నాయే, ఆ అసిల్ జాతి కోళ్ళను పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు తీసుకువెళ్ళి, కార్న్‌వాల్ ప్రాంతంలో అక్కడి కోళ్ళతో సంకరం చేశారు. పందేనికి పనికిరాని పిల్లలు పుట్టాయి, కాని రొమ్ము మాత్రం వెడల్పుగా, కండపట్టి పుట్టింది. దానికి వాళ్ళు పెట్టిన పేరు ఇండియన్ గేమ్. తరువాత కార్నిష్ అన్నారు. నేటి బ్రాయిలర్‌కు తండ్రి వైపు వంశం అదే. పందెం కోడి మనవడు బిర్యానీలోకి వచ్చాడన్నమాట.

మాంసం కోసమే కోళ్ళను గుంపుగా పెంచే వ్యాపారం మొదలైంది పొరపాటున. 1923లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో ఓషన్ వ్యూ అనే ఊళ్ళో సిసిల్ స్టీల్ అనే గృహిణి గుడ్ల కోసం 50 పిల్లలు కావాలని ఆర్డరు పెడితే, హేచరీ వాళ్ళు 500 పంపారు. తిప్పి పంపకుండా పెంచి, బ్రతికిన 387 కోళ్ళను రెండు పౌన్ల బరువుకు రాగానే పౌను 62 సెంట్లకు అమ్మింది. మూడేళ్ళలో పదివేల కోళ్ళ షెడ్డు వేసింది. మన ఆఫీసులో ఎవరైనా 50కి బదులు 500 ఇండెంటు పెడితే ఛార్జి మెమో ఇచ్చేవారు. అక్కడ ఒక పరిశ్రమ పుట్టింది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఏ అండ్ పి అనే పచారీ దుకాణాల సంస్థ డబ్బు పెట్టి ‘రేపటి కోడి’ పేరుతో దేశమంతా పోటీ నడిపింది. రొమ్ము నిండుగా, తొడలు బలంగా ఉండే ఆదర్శ కోడి ఎలా ఉండాలో మైనంతో నమూనా చేసి చూపించారు. పోటీదారులు గుడ్లు పంపితే, వాటిని ఒకేచోట పొదిగించి, ఒకే దాణాతో 12 వారాలు పెంచి, కోసి, తూచి, మార్కులు వేశారు. 1948 ఫైనల్‌లో కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ వాన్‌ట్రెస్ గెలిచాడు. అతని కోడి ఎర్ర కార్నిష్, న్యూ హాంప్‌షైర్ జాతుల సంకరం. 1951లో కూడా అతనే గెలిచాడు. ఆ తరువాత ప్రపంచంలో మాంసం కోడి అంటే, తండ్రివైపు కార్నిష్, తల్లివైపు తెల్ల ప్లిమత్ రాక్ అన్న పద్ధతి స్థిరపడింది.

ఇక్కడే కొవ్వు కథ మొదలవుతుంది. పోటీలోనూ, ఆ తరువాత కంపెనీల్లోనూ ప్రధానంగా చూసినది బరువు. ఎనిమిది వారాలకు ఏది ఎక్కువ తూగితే దాని పిల్లలనే మరుసటి తరానికి ఉంచారు. బరువు తూగే కోడి ఎందుకు తూగుతుంది? ముఖ్యంగా ఎక్కువ తింటుంది కాబట్టి. అంటే బరువును ఎంచుకుంటున్నామని అనుకుంటూ, వాళ్ళు నిజానికి ఆకలిని ఎంచుకున్నారు. తిన్నదాంట్లో కండకు పోగా మిగిలినది కొవ్వైంది. తరతరానికీ ఆకలి పెరిగింది, ఆ వెంట పిలవని పేరంటంలా కొవ్వూ పెరిగింది.

దీన్ని కళ్ళకు కట్టినట్టు చూపిన మనిషి పాల్ సీగెల్. వర్జీనియా రాష్ట్రంలోని విశ్వవిద్యాలయంలో 1957లో ఒకే తెల్ల ప్లిమత్ రాక్ మందను రెండు పాయలు చేశాడు. ఒక పాయలో ప్రతి తరంలోనూ ఎనిమిది వారాల వయస్సుకు బరువైన వాటిని, రెండవ పాయలో తేలికైన వాటిని ఉంచుతూ వచ్చాడు. ఏడాదికి ఒక తరం. యాభై తరాలు దాటేసరికి రెండు పాయల మధ్య బరువులో పది రెట్లకు పైగా తేడా వచ్చింది. బరువైన పాయ కోళ్ళు మేత ముందునుంచి కదలవు, ఊబకాయం వస్తుంది, మేత కట్టడి చేయకపోతే గుడ్లు సరిగా పెట్టవు. తేలిక పాయలో కొన్ని పిల్లలు మేత ఎదురుగా ఉన్నా ముట్టక చనిపోతాయి. రెండింటికీ తాతముత్తాతలు ఒకరే, దాణా ఒకటే. మనం ఒక సర్వీసు చేసి, రిటైరయి, రెండు పే రివిజన్లు చూసేంత కాలం ఒకే ప్రయోగాన్ని పట్టుకుని కూర్చున్న ఆ ఓపికకు నేను నమస్కారం పెట్టుకున్నాను.

పెరుగుదల ఎంతగా మారిందో రెండు లెక్కలు చెబుతాను. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు 1957 నాటి వంశాన్ని, 1978 నాటి వంశాన్ని, 2005 నాటి వంశాన్ని ఒకే దాణాతో పక్కపక్కనే పెంచి 2014లో ఫలితాలు ప్రచురించారు. 56 రోజులకు మొదటిది 905 గ్రాములు, రెండవది 1808 గ్రాములు, మూడవది 4202 గ్రాములు. అంతకుముందు 2003లో నార్త్ కరొలినా వాళ్ళ లెక్క ఇంకొకటి. 2001 నాటి కోడి, 2001 నాటి దాణాతో 1815 గ్రాములకు రావడానికి 32 రోజులు చాలు. 1957 నాటి కోడికి, 1957 నాటి దాణాతో అంత బరువుకు 101 రోజులు పడుతుంది. ఈ మార్పులో 85 నుంచి 90 పాళ్ళు వంశం వల్ల, మిగిలినదే దాణా వల్ల అని వాళ్ళు తేల్చారు. ఆ కొత్త కోడిలో, అదే వయస్సు పాత కోడికంటె కొవ్వు పాళ్ళు ఎక్కువే ఉన్నాయి.

కొవ్వు ఎలా తయారవుతుందో కూడా కొంచెం చెప్పాలి. పందిలోనూ ఆవులోనూ కొవ్వును చాలావరకు కొవ్వు కణాలే తయారు చేసుకుంటాయి. కోడిలో అలా కాదు, కార్ఖానా అంతా కార్జంలోనే. అక్కడ తయారైన కొవ్వు చిన్న చిన్న మూటలుగా రక్తంలో ప్రయాణించి, పొట్టలోను, చర్మం క్రిందను దిగుమతి అవుతుంది. దాణాలో మాంసకృత్తులు తగ్గి, నూకల వంటి శక్తి పదార్థం పెరిగితే కార్జానికి పని పెరుగుతుంది, కొవ్వు పెరుగుతుంది. ఎండలు ముదిరినా పెరుగుతుంది. కనుక నేను 1984లో రాసిన నోటు పూర్తిగా అబద్ధం కాదు. సగం నిజం. సగం నిజం రాసినప్పుడు మిగిలిన సగం ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించలేదు, అంతే.

ఆ మిగిలిన సగాన్ని మేము ఆ ఫైలు ముగించేనాటికే ఫ్రాన్సులో తేల్చేస్తున్నారు. తూర్ నగరం దగ్గర నూజిల్లీ అనే చోట అక్కడి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనా సంస్థలో లెక్లెర్క్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1977లో ఒక పని మొదలుపెట్టారు. సీగెల్ బరువును బట్టి విడదీస్తే, వీరు తొమ్మిది వారాల వయస్సులో పొట్ట కొవ్వు పాళ్ళను బట్టి విడదీశారు. కొవ్వు ఎక్కువ వంశం ఒకటి, తక్కువ వంశం ఒకటి. ఏడు తరాలు. చివరకు రెండు వంశాల కోళ్ళూ దాదాపు ఒకే బరువు తూగాయి, దాదాపు ఒకే మేత తిన్నాయి, కాని ఒకదాని పొట్టలో కొవ్వు రెండవదానికి మూడు నాలుగు రెట్లు! ఒకే తొట్టి, ఒకే మేత, కొన్నింటికి నిమ్మకాయంత, కొన్నింటికి ఉసిరికాయంత కూడా లేదు. మా మనవరాలు ఈ ప్రయోగం చదివి వినిపిస్తుంటే నాకు ఆ అరఠావు కాగితం, దాని మీది వంకర అక్షరాలు కళ్ళ ముందు నిలిచాయి. ఫ్రాన్సు శాస్త్రవేత్తలు వేసుకున్న ప్రశ్నే మన ఊరి రైతు వేశాడు. వాళ్ళు దాన్ని ఏడు తరాలు వెంటాడారు. నేను ఒక సారాంశంలో తీసేశాను.

పనిలో చిక్కు ఒకటుంది. బరువైతే బ్రతికున్న కోడిని తూచవచ్చు. పొట్టలో కొవ్వు చూడాలంటే కోయాలి, కోసిన కోడి గుడ్లు పెట్టదు. అందుచేత అన్నదమ్ముల్ని, అప్పచెల్లెళ్ళని కోసి కొవ్వు తూచి, ఏ కుటుంబంలో కొవ్వు తక్కువగా ఉందో చూసి, ఆ కుటుంబంలో మిగిలినవాటిని పిల్లల కోసం ఉంచేవారు. దీనికి మరో ఉపాయం స్కాట్లండులో ఎడిన్‌బరో దగ్గర రోస్లిన్‌లో కనిపెట్టారు. తరువాతి రోజుల్లో డాలీ గొర్రెపిల్ల పుట్టి పేపర్లకెక్కిన ఊరు అదే. అక్కడి కోళ్ళ పరిశోధనా కేంద్రంలో వైట్‌హెడ్, గ్రిఫిన్ అనేవారు 1980 దశకంలో, కార్జం నుంచి బయలుదేరే ఆ కొవ్వు మూటలు రక్తంలో ఎన్ని ఉన్నాయో చూస్తే చాలని నిరూపించారు. రెక్క దగ్గర చిన్న రక్తం చుక్క తీస్తారు. అది తక్కువున్న కోళ్ళనే ఉంచుతూ పోతే, కొన్ని తరాల్లో పొట్ట కొవ్వు తగ్గింది. చైనాలో హార్బిన్ నగరంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు 1996 నుంచి ఈ రెండు పద్ధతులూ కలిపి తమ వంశాలను నడిపారు.

ఇందులో ‘వారసత్వ పాళ్ళు’ అనే మాట వస్తుంది. మొదట నాకు కొరుకుడు పడలేదు. మా మనవరాలు ఇలా చెప్పింది. ఒక మందలో కోడికీ కోడికీ మధ్య ఉన్న తేడా మొత్తాన్ని ఒక రూపాయి అనుకుంటే, అందులో ఎన్ని పైసలు తల్లిదండ్రుల నుంచి వచ్చాయి అన్నది ఆ లెక్క. పొట్ట కొవ్వు విషయంలో చాలా అధ్యయనాల్లో అది అర్ధరూపాయి నుంచి ముప్పావలా, ఒక్కోసారి అంతకు పైన కూడా వచ్చింది. బరువు కంటె కూడా కొవ్వుకు వంశం పట్టు ఎక్కువ. అలాగని ‘కొవ్వు జన్యువు’ అని ఒకటి లేదు. 2004 డిసెంబరులో కోడి జన్యుపటం మొత్తం ప్రకటించారు. అది ఒక ఎర్ర అడవి కోడి పెట్టది. ఇరవై వేల పైచిలుకు జన్యువులు. తరువాత వెదికితే కొవ్వుకు సంబంధించిన చోట్లు ఒకటి రెండు కాదు, చాలా క్రోమోజోములలో, పెద్ద సంఖ్యలో బయటపడ్డాయి. ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా తోస్తుంది. మనుషుల్లో కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోను పంపి ‘ఇక చాలు’ అని మెదడుకు చెబుతాయి. కోడిలో అలాంటిది ఉందా లేదా అని శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకుని, 2016 నాటికి ఆ జన్యువును పట్టుకున్నారు. కాని కోడి కొవ్వు కణాలు దాన్ని పంపడం మాత్రం కనబడలేదు.

మనవరాలు గిన్నెలో వేసిన ఆ ముద్ద పసుపు రంగుకు కూడా ఒక కథ ఉంది, చెప్పకుండా ఉండలేను. మొక్కజొన్నలో ఉండే పసుపు పదార్థం కోడి ఒంట్లో చేరితే ఆ రంగు వస్తుంది. చాలా కోళ్ళ చర్మంలో ఆ పదార్థాన్ని విరగ్గొట్టే జన్యువు పనిచేస్తుంది కనుక చర్మం తెల్లగా ఉంటుంది. పసుపు చర్మం గల కోళ్ళలో అది అక్కడ పనిచేయదు. ఆ పనిచేయని రకం ఎర్ర అడవి కోడిది కాదని 2008లో స్వీడన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అది మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవి కోడిది. అమెరికా సూపరు బజారులో పసుపు చర్మపు కోడిని మురిసిపోతూ కొనేవాళ్ళకు, అందులో మన అడవుల కోడి వాటా ఉందని తెలియదు.

ఇక మన దేశం సంగతి. 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన డాక్టర్ బి.వి.రావు గారు మన తెలుగువారే. అమెరికా కాబ్ వంశాన్ని తెచ్చి వెన్‌కాబ్ పేరుతో దేశమంతా పంచిన సంస్థ అది. 1988లో హైదరాబాదు రాజేంద్రనగర్‌లో కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధనా డైరెక్టరేటు వచ్చింది. పెరటి కోళ్ళకు వనరాజా, గ్రామప్రియ రకాలు అక్కడివే. విదేశాల్లో కొవ్వు మీద అంత గొడవ జరిగింది కాని, మన వాళ్ళకు చర్మం ఒలిచి తినడం అలవాటు కనుక, చర్మం క్రింది కొవ్వు కత్తి దగ్గరే పోయేది. పొట్ట కొవ్వు మిగిలేది. ప్రాణంతో తూచి అమ్మేవాడికి ఆ కొవ్వు కూడా డబ్బే. కోసి, శుభ్రం చేసి ఇస్తానని ఒప్పుకున్నవాడికే నష్టం. మా అర్జీదారు ఆ రెండవ రకం.

తరువాత కొవ్వు తగ్గిందా అంటే, ఎక్కువగా తగ్గించింది ప్రయోగశాల కాదు, లెక్కల పుస్తకం. కండలో ముప్పాతిక భాగం నీరు. కొవ్వులో నీరు బహు తక్కువ. కనుక ఒక గ్రాము కొవ్వు కట్టడానికి అయ్యే దాణాతో అంతకు ఎన్నో రెట్లు బరువైన కండ కట్టవచ్చు. దాణా ఖర్చు చూసుకునే కంపెనీలు, కేజీ మాంసానికి ఎన్ని కేజీల దాణా పట్టిందన్న లెక్కను బట్టి వంశాలను ఎంచడం మొదలుపెట్టాక, కొవ్వు దానంతటదే వెనక్కు తగ్గింది. పైన చెప్పిన 2003 లెక్కలోనే పాత కోడి అంత బరువుకు రావడానికి కేజీకి 4.42 కేజీల దాణా తింటే, కొత్త కోడి 1.47 కేజీలతో సరిపెట్టింది. ఆడిటు అభ్యంతరం వస్తే తప్ప వృథా ఖర్చు తగ్గదని మనకు తెలిసిన నీతే.

కాని నాకు నచ్చని సంగతి ఒకటుంది. కూరకు వెళ్ళే కోడి నలభై రోజులు కడుపునిండా తింటుంది. ఆ కోడిని కనే తల్లిదండ్రులు ఏడాదికి పైగా బ్రతకాలి, గుడ్లు పెట్టాలి. అదే ఆకలి వాటి రక్తంలోనూ ఉంది. వదిలేస్తే కొవ్వెక్కి, గుడ్లు తగ్గి, చనిపోతాయి. అందుకని వాటికి లెక్కగట్టి, తినగలిగినదాంట్లో కొంతే పెడతారు. కొన్ని చోట్ల రోజు విడిచి రోజు పెడతారు. ఆకలిని పుట్టించినదీ మనమే, తీర్చకుండా ఉంచేదీ మనమే. దీనికి ఇంకా సరైన విరుగుడు దొరకలేదు. దాణాలో పీచు కలిపి కడుపు నింపడం వంటివి చేస్తున్నారు. మందులతో షుగరు అదుపులో పెట్టుకుంటూ, డబ్బాలో లెక్కపెట్టిన రెండు పుల్కాలు తినే నాకు, ఆ కోళ్ళ మీద జాలి కలగడంలో ఆశ్చర్యం లేదు.

ఈ సంవత్సరం మార్చిలో, మనసు ఒప్పుకోక, ఆ రైతు ఊరు వెళ్ళాను. ఆయన పోయి పదిహేనేళ్ళయిందట. మా జవాబు అందిన రెండేళ్ళకు షెడ్డు మూసేశాడని, బ్యాంకు బకాయికి గేదెను అమ్మాడని కొడుకు చెప్పాడు. ఆ కొడుకే ఇప్పుడు ఒక కంపెనీకి ఒప్పందం మీద బ్రాయిలర్లు పెంచుతున్నాడు. పిల్లలు, దాణా కంపెనీవి, షెడ్డు, చాకిరీ ఇతనివి. నేను వచ్చిన పని చెప్పాను. సీగెల్, లెక్లెర్క్‌ల సంగతి నాకు చేతనైనట్టు వివరించి, “మీ నాన్నగారు రాసినదే నిజం బాబూ, అన్ని కోళ్ళకూ ఒకే మేతైనా కొవ్వు ఒకలా రాదు, అది పిల్ల వచ్చిన వంశాన్నిబట్టి కూడా ఉంటుంది. ఆ మాట జవాబులో రాయకపోవడం నాదే తప్పు” అన్నాను.

అతను కొంచెంసేపు ఊరుకున్నాడు. “మేత కలపడం రాకే పోయిందని మా అమ్మ ఆయన్ని ఆఖరిదాకా సాధించేదండీ” అన్నాడు. తరువాత, “ఆ అర్జీ ఆఫీసులో ఉంటుందాండీ? నాన్న చేతిరాత మా ఇంట్లో ఒక్కటీ లేదు” అని అడిగాడు.

ఎల్.డిస్. చేసిన ఫైలు. ఏడాది తిరిగేసరికి చించి పారేసే కట్టల్లోకి పోయింది. ఆ కట్ట మీద చీటీ రాసినది కూడా నేనే. లేదు బాబూ అన్నాను. ఆ వాక్యం మాత్రం నాకు గుర్తుంది కనుక, అతని దాణా పుస్తకంలో వెనక అట్ట లోపలి వైపు, చెయ్యి వణుకుతున్నా, పూర్తిగా రాసి ఇచ్చాను. చదివి, “అవునండీ, ఆయన ఇలాగే మాట్లాడేవాడు” అన్నాడు. సాయంత్రం బండి మీద బస్టాండు దాకా దిగబెట్టాడు.